జర్మనీలో వారాంతపు నడకలు, పరుగులు: పోటీ లేనివాటిలో కొత్తవాళ్లు చేరేదెలా?

కొత్తబూట్లు అడిగారు:

అందరికీ నమస్కారం. ఉండేది మాన్‌హైమ్‌లో. జర్మన్ ఇంకా ఏ1 దగ్గరే, అంటే మొట్టమొదటి స్థాయిలోనే ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో బేకరీ తలుపుల మీద "ఫోల్క్స్‌వాండర్‌టాగ్" అని పోస్టర్లు కనిపిస్తున్నాయి. కింద 5, 10, 20 కిలోమీటర్లు అని ఉంటుంది. శనివారం పొద్దున జరిగే పార్క్‌రన్ గురించి కూడా విన్నాను. పరుగు పందేలు నాకొద్దు. నలుగురితో కలిసి నడవాలి, ఊళ్లు చూడాలి, అంతే.

నా సందేహాలు ఇవి. వీటికి ముందే పేరు ఇవ్వాలా? క్లబ్బులో సభ్యత్వం ఉండాలా? బయటి దేశం వాళ్లని రానిస్తారా? అక్కడికి వెళ్లాక ఏం చేయాలో, ఏం మాట్లాడాలో ఎవరైనా వరసగా చెప్తారా?

---

ఒడెన్‌వాల్డ్_బాటసారి జవాబు:

ముందు పేరు ఇవ్వక్కర్లేదు, సభ్యత్వం అక్కర్లేదు. ఏ దేశం వాళ్లని అడిగేవాళ్లూ ఉండరు. ఫోల్క్స్‌వాండర్‌టాగ్ అంటే అదే: ఊరి క్లబ్బు దారి గుర్తులు పెట్టి, బల్ల వేసుకుని కూర్చుంటుంది. ఆ సమయంలో ఎవరు వచ్చి కార్డు తీసుకున్నా నడవచ్చు. గడియారం పెట్టరు, మొదటి స్థానం రెండో స్థానం ఉండవు.

ఈ పద్ధతి 1968లో ఒక సంఘంగా ఏర్పడింది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, లీచ్టెన్‌స్టైన్ వాళ్లు కలిసి కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున లిండావ్‌లో పెట్టుకున్న అంతర్జాతీయ సంఘం అది. పోస్టర్ మీద ఐవీవీ అని మూడక్షరాలు కనిపిస్తే ఆ సంఘం నియమాల ప్రకారం జరిగే నడక అని అర్థం. జర్మనీలో దాని శాఖ డీవీవీ, ఆఫీసు ఆల్ట్‌యోటింగ్‌లో. డీవీవీ వెబ్‌సైట్‌లో తేదీల పట్టిక ఉంటుంది. పోస్టర్ దొరకకపోతే అందులో మీ జిల్లా వెతకండి. మీరున్న బాడెన్ ప్రాంతంతో ఆగిపోకండి. రైన్ నది దాటితే ఫాల్జ్ ప్రాంతం, అటు ఒడెన్‌వాల్డ్‌లో హెస్సెన్ వైపు కూడా చూడండి. మాన్‌హైమ్ మూడు రాష్ట్రాల మూల కాబట్టి మూడు పట్టికలూ మీవే.

పట్టికలో ఒక్కో నడకకి "ఆవ్స్‌ష్రైబుంగ్" అనే ప్రకటన కాగితం ఉంటుంది. జర్మన్ రాకపోయినా అందులో నాలుగు ముక్కలు పట్టుకుంటే చాలు.

"ష్టార్ట్ ఉంట్ త్సీల్": బయల్దేరే చోటు, తిరిగొచ్చే చోటు. రెండూ ఒకటే. ఊరి వ్యాయామశాలో, ఫైర్ స్టేషనో, సంతహాలో అయ్యుంటుంది.

"ష్టార్ట్‌త్సైట్": ఇది ఒక్క నిమిషం కాదు, ఒక వ్యవధి. 7 నుంచి 13 అని ఉంటే ఆ మధ్యలో ఎప్పుడైనా బయల్దేరచ్చు. కానీ 20 కిలోమీటర్లకి ఆ గడువు ముందే ముగుస్తుంది, ఆ వరస విడిగా చూడండి.

"త్సీల్‌ష్లుస్": తిరిగి రావలసిన ఆఖరి గంట. కొత్తవాళ్లు తప్పులో కాలేసేది ఇక్కడే. మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్లి తాపీగా 10 కిలోమీటర్ల కార్డు తీసుకుంటారు. నాలుగుంటికి తిరిగొచ్చేసరికి బల్లలు మడిచేసి ఉంటాయి, ముద్ర వేసేవాళ్లు ఉండరు.

"ష్టార్ట్‌గెబ్యూర్": ప్రవేశ రుసుము. కొద్ది యూరోలే, కాఫీ ఖర్చు అనుకోండి. చిల్లర పట్టుకెళ్లండి. పల్లె క్లబ్బు బల్ల దగ్గర కార్డు పనిచేస్తుందని నమ్ముకుని వెళ్లకూడదు. 50 యూరోల నోటు తీస్తే వాళ్ల డబ్బాలో చిల్లర చాలకపోవచ్చు. 5, 10 నోట్లు, కొన్ని నాణేలు ఉంచుకోండి.

హాల్లోకి వెళ్లగానే ఒక పొడుగు బల్ల, దాని మీద రంగురంగుల కార్డుల దొంతరలు. ఒక్కో దూరానికి ఒక్కో రంగు ఉండచ్చు. ఆ కార్డు పేరు "ష్టార్ట్‌కార్టె". "ఐన్‌మాల్ త్సేన్ కిలోమేటర్, బిట్టె" అంటే పది కిలోమీటర్లకి ఒక కార్డు ఇవ్వండి అని. ఇద్దరైతే "త్స్వైమాల్". కార్డు మీద పేరు, ఊరు రాసుకోవాలి. పెన్ను బల్ల మీదే ఉంటుంది. ఆ కార్డు జేబులో మడిచి పెట్టకండి. వాన పడితే సిరా పాకి ముద్రలు కలిసిపోతాయి. చిన్న జిప్ సంచీలో వేసుకోండి.

దారిలో ఒకటో రెండో, 20కి మూడు వరకూ, "కొంట్రోలె" అని మజిలీలు వస్తాయి. గుడారం కింద ఇద్దరు కూర్చుని కార్డు మీద ముద్ర వేస్తారు. పక్కన పెద్ద థర్మోస్‌లో నిమ్మకాయ పిండిన తీపి టీ ఉండటం పాత అలవాటు. కొన్ని చోట్ల ఉచితం, కొన్ని చోట్ల ఒక డబ్బా పెట్టి ఉంటుంది, తోచింది వేస్తారు. సొంత కప్పు పట్టుకెళితే మంచిది.

ఇక దారి గుర్తులు. చెట్లకి, స్తంభాలకి బాణాలు, గాలికి ఊగే ప్లాస్టిక్ రిబ్బన్లు. అన్ని దూరాలూ మొదట ఒకే దారిలో వెళ్లి, తర్వాత "ష్ట్రెకెన్‌టైలుంగ్" అనే బోర్డు దగ్గర చీలిపోతాయి. దారి తప్పేవాళ్లలో ఎక్కువమంది తప్పేది అక్కడే. కబుర్లలో పడి ముందువాళ్ల వెనకే పోతారు, ముందువాళ్లది 20 కార్డు! ఆ బోర్డు దగ్గర ఆగి, మీ అంకె, మీ రంగు వేలు పెట్టి చూసుకుని కదలండి. ఏ మలుపు తర్వాతైనా 300 మీటర్లు నడిచినా రిబ్బను కనబడకపోతే ఇంకా ముందుకి పోకండి. వెనక్కి, ఆఖరి గుర్తు దాకా. ఎదర ఏదో ఒకటి వస్తుందిలే అనుకుంటే పక్క లోయలో తేలతారు.

తిరిగొచ్చాక కార్డు చూపిస్తే ఐవీవీ ముద్ర వేస్తారు. ఆ ముద్ర పడేది కార్డు మీద కాదు, మీ పుస్తకాల్లో. పుస్తకాలు రెండు. ఒకటి ఎన్నిసార్లు పాల్గొన్నారో లెక్కపెట్టేది: 5 నడిచినా 20 నడిచినా ఒక్క ముద్రే. రెండోది కిలోమీటర్లది. మొదటిదాంట్లో 10, 30, 50, 75, 100 అలా మెట్లు ఉంటాయి. రెండోదాంట్లో 500, 1000, 1500 అలా. మెట్టు నిండిన పుస్తకం అప్పజెబితే బ్యాడ్జీ, సర్టిఫికెట్ వస్తాయి. పుస్తకాలు అదే బల్ల దగ్గర కొద్ది ధరకి అమ్ముతారు. వద్దనుకుంటే కొనక్కర్లేదు, నడక నడకే. కానీ కొనేటట్టయితే మొదటి రోజే కొనండి. పాత నడకలకి తర్వాత ముద్ర వేయమంటే వేయరు.

ఒక మాట మన పేర్ల గురించి. మనకి ఇంటిపేరు ముందు, ఇక్కడ "ఫోర్‌నామె" అంటే సొంత పేరు, "నాఖ్‌నామె" అంటే ఇంటిపేరు. కార్డు మీద ఒకలా, పుస్తకం మీద ఇంకోలా రాయకండి. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రెండు చోట్లా రాయండి.

---

శనివారం_తొమ్మిది జవాబు:

పైవారు నడక గురించి చెప్పారు కాబట్టి పార్క్‌రన్ సంగతి నేను చెప్తాను. ఇది వేరే వ్యవస్థ, దీని ఇబ్బందులు వేరు.

2004 అక్టోబరు 2న లండన్ బుషీ పార్కులో 13 మంది పరుగెత్తడంతో మొదలైంది. జర్మనీకి 2017 డిసెంబరు 2న వచ్చింది. ఆ రోజు మొదలైన మూడింటిలో మాన్‌హైమ్‌లోని నెక్కారావ్ ఒకటి. అంటే మీ ఊళ్లోనే ఉంది. ప్రతి శనివారం ఉదయం 9 గంటలకి, 5 కిలోమీటర్లు, పూర్తిగా ఉచితం. నడవడానికి కూడా అంతే హక్కు ఉంది. అందరికన్నా వెనక నడవడానికే ఒక వలంటీరు ఉంటారు, కాబట్టి మీరు ఆఖరివాళ్లు అవరు. 5 కిలోమీటర్లకి గంట పట్టినా ఎవరూ ఏమీ అనరు.

ఫోల్క్స్‌వాండర్‌టాగ్‌లా ఇక్కడ అక్కడికక్కడ పేరు ఇవ్వడం ఉండదు. ఇంట్లోనే వెబ్‌సైట్‌లో ఒక్కసారి నమోదు చేసుకోవాలి. మీకో నంబరు, దానికో బార్‌కోడ్ వస్తాయి. అదే బార్‌కోడ్ జీవితాంతం, ఏ దేశంలో అయినా. జర్మనీ నుంచి రేపు ఇంగ్లండు వెళ్లినా, పోలండ్ వెళ్లినా అదే. ఊరు మారినప్పుడల్లా కొత్తగా నమోదు చేసుకుంటే పరుగులన్నీ రెండు ఖాతాల్లోకి చీలిపోతాయి. ఊరు మారితే ప్రొఫైల్‌లో సొంత పార్క్‌రన్ ఏదో మార్చుకుంటే చాలు. నమోదులో అత్యవసర ఫోన్ నంబరు అడుగుతారు. అక్కడ +49తో మొదలయ్యే, జర్మనీలో ఉన్న ఎవరిదైనా నంబరు ఇవ్వండి. ఇండియాలో నాన్నగారి నంబరు ఇస్తే, ఇక్కడ కాలు బెణికినప్పుడు ఆయన చేయగలిగేదేమీ ఉండదు, కంగారు తప్ప.

ఇంకోటి: ఫలితాల్లో పేరు అందరికీ కనిపిస్తుంది. పూర్తి పేరు ఇంటర్నెట్‌లో ఉండటం ఇష్టం లేనివాళ్లు నమోదుకి ముందే ఆలోచించుకోండి.

ఆ రోజు 8:45కల్లా చేరండి. కొత్తవాళ్లకి విడిగా దారి గురించి చెప్తారు. "ఇంగ్లీషులో చెప్తారా" అని అడిగితే చెప్పేవాళ్లు దాదాపు ఎప్పుడూ ఉంటారు. ముగింపు గీత దాటగానే రెండు వైపులా తాళ్లు కట్టిన సందు వస్తుంది. అందులో వరస మారకూడదు, ముందువాళ్లని దాటకూడదు. చివర్లో ఒక చిన్న టోకెన్ చేతిలో పెడతారు. టోకెన్ మీద ఉన్నది మీ స్థానం. తర్వాత స్కానర్ పట్టుకున్న వలంటీరు దగ్గరికెళ్లి ముందు మీ బార్‌కోడ్, తర్వాత టోకెన్ చూపించి, టోకెన్ తిరిగి ఇచ్చేయాలి. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేసుకుంటే వచ్చే వారానికి వాళ్ల సెట్టులో ఒక అంకె తగ్గుతుంది. దయచేసి చూసుకోండి.

బార్‌కోడ్ మర్చిపోతే సమయం నమోదు కాదు. ఎంత బతిమాలినా కాదు, అందులో వలంటీర్ల తప్పు లేదు. ఫోన్‌లో చూపించినా సరిపోతుంది. అయితే వానలో తడిసిన వేళ్లకి ఫోన్ తెరుచుకోదు, చలికి బ్యాటరీ పడిపోతుంది. కాగితం మీద ఒక ప్రతి ముద్రించి, దాని మీద పారదర్శకమైన టేపు అతికించి కీచైన్‌కి కట్టుకోండి.

పిల్లలు: 11 ఏళ్ల లోపు వాళ్లు పెద్దవాళ్ల చేతికి అందేంత దగ్గరలో పరుగెత్తాలి. ఈ నియమం దగ్గర వాళ్లు గట్టిగా ఉంటారు. పాప ముందు పరుగెడుతుంటే మీరు వెనక వీడియో తీస్తూ ఉండటం కుదరదు.

భాష సంగతి. మాట కలవాలంటే అతి సులువైన దారి వలంటీరుగా వెళ్లడం. మలుపు దగ్గర నిలబడి చెయ్యి చూపించే పనికి ఏ1 జర్మన్ ఎక్కువే. తర్వాత కాఫీకి వెళ్లే గుంపులో మీరూ ఒకరవుతారు. పరుగెత్తి నేరుగా ఇంటికెళ్లేవాళ్లకి ఏడాది గడిచినా ఒక్క పేరు కూడా తెలియదు.

---

కొత్తబూట్లు:

చాలా చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. ఇంత వివరం ఎక్కడా దొరకలేదు. ఇంకో రెండు ప్రశ్నలు. వచ్చే నెల అమ్మ విజయవాడ నుంచి వస్తున్నారు. 62 ఏళ్లు, మోకాళ్లు కొంచెం నొప్పి, చీరే కడతారు, పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినరు. మా బాబుకి ఐదేళ్లు. వీళ్లిద్దర్నీ తీసుకెళ్లచ్చా? అక్కడ తినడానికి ఏమైనా ఉంటుందా? కారు లేదు.

---

పులిహోర_డబ్బా జవాబు:

తప్పకుండా తీసుకెళ్లండి. 5 కిలోమీటర్ల దారి పెట్టేది వాళ్లలాంటి వాళ్ల కోసమే. ప్రకటన కాగితంలో "కిండర్‌వాగెన్" అన్న మాట వెతకండి. పిల్లల బండి పోయే దారి అని అర్థం. బండి చక్రం వెళ్లగలిగిన దారిలో నొప్పి మోకాళ్లతోనూ వెళ్లచ్చు. ఆ మాట లేకపోతే బల్ల దగ్గర అడగండి.

దూరం కన్నా ఎత్తు ముఖ్యం. ఇక్కడి వాళ్లు వాడే లెక్క చెప్తాను: చదునులో గంటకి 4 కిలోమీటర్లు, ఎక్కడంలో గంటకి 300 మీటర్లు, దిగడంలో గంటకి 500 మీటర్లు. అడ్డంగా పట్టే సమయం, నిలువుగా పట్టే సమయం విడివిడిగా లెక్కేసి, పెద్దదానికి చిన్నదాంట్లో సగం కలపాలి. ఉదాహరణకి 10 కిలోమీటర్లు, 300 మీటర్లు ఎక్కి అంతే దిగే దారి. అడ్డంగా రెండున్నర గంటలు. నిలువుగా ఎక్కడానికి గంట, దిగడానికి 36 నిమిషాలు, కలిపి 96 నిమిషాలు. దాంట్లో సగం 48. మొత్తం మూడు గంటల ఇరవై నిమిషాలు దాదాపు. అమ్మగారితో అయితే మజిలీలకి ఇంకో ముప్పావుగంట వేసుకోండి. మోకాలికి ఎక్కడం కన్నా దిగడం కష్టం. ఫాల్జ్ ద్రాక్షతోటల మధ్య కాంక్రీటు దారులు చూడ్డానికి తేలికగా ఉంటాయి, కానీ వాలులో అవే మోకాళ్లని కొడతాయి. రెండు నడక కర్రలు తీసుకోండి. దిగేటప్పుడు కర్ర కొంచెం పొడుగు పెంచి ముందుకి వేయాలి.

చీర గురించి: కట్టుకోవచ్చు, కానీ చీలమండ పైకి కట్టి, లోపల కాళ్లకి అంటుకునే లెగ్గింగ్, దాని అంచులు మేజోళ్లలోకి దోపాలి. కారణం చలి కాదు, "త్సెకెన్". మన పశువుల గోమారిలాంటి పురుగే, అడవిలో, గడ్డిలో ఉంటుంది. అది చెట్టు మీంచి దూకదు. గడ్డి కొసన కాచుకుని, రాసుకుపోయే బట్టని పట్టుకుంటుంది. కుచ్చిళ్లు దానికి మెట్లే. బాడెన్-వుర్టెంబెర్గ్, బవేరియాల్లో దాదాపు అన్ని జిల్లాల్లోనూ ఈ పురుగు వల్ల మెదడువాపు జబ్బు వచ్చే ముప్పు ఉంది, దాన్ని ఎఫ్ఎస్ఎంఈ అంటారు. దానికి టీకా ఉంది, మూడు డోసులు. ఇక్కడ ఉండే మీకు, బాబుకి ప్రభుత్వ ఆరోగ్య బీమా దాని ఖర్చు భరిస్తుంది. మీ ఫ్యామిలీ డాక్టర్‌ని అడగండి. దీనికి ఒక్క రోజులో రక్షణ రాదు కాబట్టి చలికాలంలోనే మొదలుపెట్టాలి. రెండోది బొరెలియా, అంటే లైమ్ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా, దానికి టీకా లేదు. ఇంటికి రాగానే మోకాలి వెనక, గజ్జలు, చంకలు, బొడ్డు, బాబుకైతే చెవుల వెనక, జుట్టు మొదళ్లలో వేళ్లతో తడిమి చూడండి. ఆవగింజంత నల్లటి చుక్క కనబడి, గోకితే పోకపోతే అదే. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా నిటారుగా లాగాలి. నూనె, నెయిల్ పాలిష్, పసుపు ఏవీ రాయకూడదు. ఊపిరాడక అది లోపలిది బయటికి కక్కుతుంది, ముప్పు పెరుగుతుంది. తీసిన తేదీ ఫోన్‌లో రాసుకోండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రగా వలయంలా విస్తరించినా, జ్వరం వచ్చినా, డాక్టరుకి ఆ తేదీ చెప్పండి.

తిండి. నిజం చెప్పాలంటే గుడ్డు కూడా తిననివాళ్లకి హాల్లో దొరికేది తక్కువ. పొయ్యి మీద ఉండేవి సాసేజ్‌లు, లేదా బఠాణీ సూపు, అందులో కూడా మాంసం ముక్కలు ఉంటాయి. ఫాల్జ్‌లో బంగాళదుంప సూపు, దానితో ప్లమ్ పండు (ఆల్‌బుఖారా) కేకు ప్రసిద్ధి. చూడ్డానికి సూపు శాకాహారంలాగే ఉంటుంది, కానీ మాంసం కాచిన నీళ్లతో చేస్తారు. స్వాబియా వైపు బంగాళదుంప సలాడ్ కూడా అంతే. అందుకే "వెగెటారిష్?" అని అడిగి ఊరుకోకండి. ముక్కలు లేకపోతే ఔనంటారు. "ఓనె ష్పెక్, ఓనె ఫ్లైష్‌బ్రూయె?" అని అడగండి: పందికొవ్వు లేకుండా, మాంసపు రసం లేకుండానా అని. కేకుల్లో గుడ్డు ఉంటుందనే అనుకోవాలి. క్రీము కేకుల్లో జెలటిన్ కూడా. అమ్మగారికి నిశ్చింతగా దొరికేది వెన్న రాసిన బ్రెట్సెల్ (మెలితిప్పిన ఉప్పు రొట్టె), కాఫీ, ఆపిల్ రసం. బ్రెట్సెల్ విషయంలోనూ పందికొవ్వు కలిపారా అని ఒక్కసారి అడిగి చూడండి, కొన్ని బేకరీల్లో కలుపుతారు.

కాబట్టి డబ్బా కట్టుకెళ్లండి. వేసవిలో పులిహోర, చింతపండు కాస్త ముందుండేలా. చల్లటి రోజుల్లో పులిహోర వద్దు: ఐదారు డిగ్రీల చలికి అన్నం రాయిలా గట్టిపడి, నూనె పేరుకుని నోటికి అంటుకుంటుంది. అప్పుడు చపాతీలో పొడిగా వేయించిన బంగాళదుంప కూర చుట్టి, రేకు కాగితంలో పెట్టి, లోపలి జేబులో ఒంటికి దగ్గరగా ఉంచుకుంటే మెత్తగా ఉంటుంది. ఒక్క మర్యాద పాటించండి. హాలు బల్లల మీద మన డబ్బాలు తెరవకూడదు. ఆ క్లబ్బుకి కార్డుల మీద మిగిలేది తక్కువ, వంటింటి అమ్మకాల మీదే వాళ్ల ఏడాది గడుస్తుంది. బయట బెంచీ మీద తిని, లోపలికొచ్చి కాఫీ కొనుక్కోండి.

కారు లేకపోవడం అడ్డంకి కాదు, కానీ ముందు తిరుగు బస్సు చూసుకోండి, తర్వాతే వెళ్లే బస్సు. ఆదివారం పల్లె బస్సులు రెండు గంటలకొకటి ఉంటే గొప్ప. టైమ్‌టేబుల్‌లో "రూఫ్‌టాక్సి" అని ఉంటే అది దానంతట అది రాదు! ముందు ఫోన్ చేసి పిలవాలి. కనీసం గంట ముందు అని వేసుకోండి. జర్మన్‌లో ఫోన్ అంటే భయమైతే హాల్లో బల్ల దగ్గరవాళ్లని అడగండి, వాళ్లే చేసి పెడతారు. డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాసు ప్రాంతీయ రైళ్లకి, ఎస్-బాను అనే లోకల్ రైళ్లకి పనిచేస్తుంది, దూరం వెళ్లే ఐసీఈ, ఐసీ రైళ్లకి పనిచేయదు. అది మీ ఒక్కరిదే. అమ్మగారికి వేరే టికెట్ ఉండాలి. మాన్‌హైమ్ ప్రాంత రవాణా సంస్థ వీఆర్‌ఎన్ డే టికెట్ ఐదుగురి దాకా కలిపి తీసుకోవచ్చు.

---

ఒడెన్‌వాల్డ్_బాటసారి:

పైన చెప్పినదానికి రెండు కలుపుతాను.

అడవిలో ఎవరికైనా బాగోకపోతే 112. "ఎక్కడున్నారు" అని అడుగుతారు, చెట్ల మధ్య చెప్పడానికి చిరునామా ఉండదు. అందుకే అడవి దారుల కూడళ్లలో ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల శిలువ, కింద ఒక నంబరు ఉంటాయి. "రెట్టుంగ్స్‌పుంక్ట్" అంటారు. ఆ నంబరు చదివితే చాలు, అంబులెన్సు ఎక్కడికి రావాలో వాళ్లకి తెలుస్తుంది. నడుస్తున్నప్పుడు అలాంటి బోర్డు దాటినప్పుడల్లా ఫోటో తీసుకోండి.

రెండోది నడవడిక. ఎదురుపడ్డవాళ్లకి "హలో", పొద్దున అయితే "గూటెన్ మోర్గెన్". పల్లె దారిలో పలకరించకుండా పోవడం ఇక్కడ కూడా మన ఊళ్లో ఎంతో అంతే. పెద్ద గుంపుగా వెళ్తే దారి మొత్తం ఆక్రమించి నడవకండి, స్పీకరులో పాటలు వద్దు. ఆదివారం నిశ్శబ్దాన్ని వీళ్లు చాలా పట్టించుకుంటారు. దారి పక్క ఆపిల్ చెట్లు అడవి చెట్లలా కనిపించినా ఎవరివో ఒకరివే. చెట్టుకి పసుపు రిబ్బను కట్టి ఉంటే మాత్రం యజమాని కోసుకోమన్నట్టు.

గుంపు అన్నాను కాబట్టి ఒక మంచి మాట. చాలా క్లబ్బులు ఎక్కువమంది కలిసి వచ్చిన గుంపుకి బహుమతి ఇస్తాయి. పదిహేను మంది తెలుగువాళ్లు కలిసి ఒక పేరు పెట్టుకుని ముందే రాయించుకుంటే మీకూ వర్తిస్తుంది. అయితే అందరూ ఒకే ముద్దగా నడవకుండా ఇద్దరిద్దరు విడిపోండి. పదిహేను మంది మనవాళ్ల మధ్య నడిస్తే జర్మన్ ఒక్క ముక్క నోట పలకదు.

ఫాల్జ్‌లో సగం లీటరు గ్లాసు నిండా వైన్-సోడా ఇస్తారు. అందులో ఎక్కువ భాగం వైనే. 20 కార్డు చేతిలో ఉండగా మొదటి మజిలీలోనే అది పట్టకండి.

---

శాన్_ఆంటోనియో_తెలుగు జవాబు:

టెక్సస్ నుంచి. ఇదే నడక ఇక్కడ "వోక్స్‌మార్చ్" పేరుతో ఉంది. జర్మనీలో పనిచేసిన అమెరికా సైనికులు వెనక్కి తెచ్చిన అలవాటు ఇది. ఇక్కడ మొదటిది 1976లో ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో జరిగింది. సంఘం పేరు ఏవీఏ. జర్మనీలో కొన్న ఐవీవీ పుస్తకాలే ఇక్కడా చెల్లుతాయి కాబట్టి బదిలీ మీద వచ్చేవాళ్లు వాటిని పారేయకండి.

తేడాలు ఇవి. ఇక్కడ చాలా నడకలకి రిబ్బన్లు ఉండవు. మలుపుమలుపుకీ రాసిన సూచనల కాగితం, మ్యాపు ఇస్తారు. ఒక్క వాక్యం దాటవేస్తే మొత్తం దారి తప్పుతుంది, బొటనవేలు ఆ వరస మీద పెట్టుకుని నడవాలి. బయల్దేరే ముందు బాధ్యత మీదే అని ఒక సంతకం పెట్టించుకుంటారు. ప్రతి దారికి 1ఏ నుంచి 5ఈ దాకా ఒక గుర్తు ఉంటుంది: అంకె ఎక్కుడు ఎంతో చెప్తుంది, అక్షరం నేల ఎలాంటిదో చెప్తుంది. అమ్మానాన్నలు వచ్చినప్పుడు 1ఏ, 1బీ చూసుకోండి. ఏడాది పొడవునా ఎప్పుడైనా నడుచుకునే దారులు కూడా ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనే నమోదు చేసుకుని కాగితం ముద్రించుకోవచ్చు. వేసవిలో ఇక్కడ పొద్దున ఏడు దాటాక బయల్దేరడం అంటే పెద్దవాళ్లకి మంచిది కాదు.

---

ఒడెన్‌వాల్డ్_బాటసారి:

ఏడాది పొడవునా నడిచే దారులు జర్మనీలోనూ ఉన్నాయి, "పెర్మనెంటర్ వాండర్‌వేగ్" అంటారు. కార్డు ఊళ్లో ఏ హోటల్లోనో, పెట్రోలు బంకులోనో దొరుకుతుంది. వాటి పనిగంటలు ముందే చూసుకోవాలి, ఆదివారం మూసి ఉండటం మామూలే. ఆ దారుల్లో మజిలీలుండవు, టీ ఉండదు, వెనక వచ్చేవాళ్లూ ఉండరు. మొదటిసారికి వద్దు. శరదృతువులో అడవి దారికి అడ్డంగా వేట జరుగుతోందని బోర్డు, తాడు కనిపిస్తే దాటకండి. మీ కార్డుకి అక్కడ చెల్లుబాటు లేదు.

---

కొత్తబూట్లు:

ఈ ఆదివారం 5 కిలోమీటర్లదానికి వెళ్తున్నాం. వాన అంటున్నారు. వానొస్తే ఆపేస్తారా?

---

పులిహోర_డబ్బా:

వానకి ఆపరు. ఈదురుగాలి హెచ్చరిక ఉంటే మాత్రం ఆపుతారు, కొమ్మలు విరిగి పడతాయని. శనివారం సాయంత్రం క్లబ్బు పేజీ ఒకసారి చూడండి. జీన్స్ వేసుకోకండి. తడిస్తే బరువెక్కి తొడలు ఒరుసుకుంటాయి, ఆరడానికి రోజు పడుతుంది. బాబుకి మేజోళ్లు రెండు జతలు అదనంగా పెట్టండి. ఇంటికొచ్చాక బూట్లు హీటరు మీద పెట్టకండి, అడుగు అతుకు ఊడిపోతుంది. ఇన్‌సోల్ తీసేసి, లోపల వార్తాపత్రిక ఉండలు చుట్టి కుక్కి, రెండు గంటలకోసారి మార్చండి. పొద్దున్నకి ఆరిపోతాయి.